సిమెంటు తగలని ఇటుకల విషయమై

సాన్ తెలెస్ఫోరో,
కోర్దొబా రాష్ట్రం.
ఫిబ్రవరి నెల, మంగళవారం.

పురపాలక సంఘపు వీధులు మరియు కట్టడముల శాఖాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి ముందు కాలిబాట పైనను, పక్కనున్న ఖాళీ స్థలములోను పేర్చి ఉన్న ఇటుకలు గృహనిర్మాణ సామగ్రి కావనియు, అవి నా పొదుపు మొత్తమనియు, కావున వాటిని తొలగించు ఉత్తర్వును రద్దు చేయవలసినదిగా కోరుట గురించి.

సూచిక: మా గేటుకు అంటించిన తమ నోటీసు. నంబరు వానకు చెరిగిపోయినది.

ఫబ్రిసియో లుదుయేన్యా అను నేను, వయస్సు ముప్పై ఆరు, వృత్తి కంప్యూటరు ప్రోగ్రాములు రాయుట, తమకు విన్నవించుకొనునది. సదరు నోటీసులో, "వ్యర్థముగా పడి ఉన్న ఇటుకలను" పది రోజులలోగా తీసివేయనిచో పురపాలక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోవునని ఉన్నది. ఇటుకలు పడి ఉన్న మాట నిజమే. వ్యర్థముగా అన్న మాటకు నేను అభ్యంతరము తెలుపుచున్నాను. కారణములు ఈ దిగువన వరుసగా మనవి చేసుకొనుచున్నాను.

1. నేను పనిచేయు కంపెనీ ఎక్కడో ఉత్తరాన, మంచు కురిసే ఊళ్లో ఉన్నది. నేను మాత్రం ఇక్కడే, మా అత్తగారి ఇంటి వెనుక గదిలో కూర్చుని పనిచేయుచున్నాను. మా పై అధికారులను ఇంతవరకు ఛాతీ దాకానే చూచితిని. తెర మీద అంతకంటే కిందకు కనబడరు. జీతం డాలర్లలో వచ్చును. ఈ ఒక్క కారణం చేత వీధిలో అందరూ నన్ను కలిగినవాడి కింద జమకట్టిరి. అయ్యా, జీతం అందిన రోజున లోకమంతా ఊపిరి పీల్చుకుంటుంది. మాకు పరుగు ఆ రోజే మొదలవుతుంది. డాలర్లను మన పెసోలుగా మారిస్తే ఆ పెసోలు చేతిలో ఉండగానే చిక్కిపోతాయి. మార్చకుండా ఉంచితే రొట్టెల కొట్టువాడు తీసుకోడు. ఏ రోజు మార్చాలి, ఎంత మార్చాలి అని నేను పొద్దున లేవగానే రేటు చూస్తాను, పళ్లు తోముకుంటూ మళ్లీ చూస్తాను, ఆఫీసు సమావేశం మధ్యలో బల్ల కింద ఇంకోసారి చూస్తాను. ఇది జబ్బని మా ఆవిడ రొమీనా అంటుంది. ఇది ఆర్థిక ప్రణాళిక అని నేను మనవి చేయుచున్నాను.

2. సదరు ప్రణాళిక నేను ఊరికే పెట్టుకున్నది కాదు, దానికి చరిత్ర ఉన్నది. మొదట బ్యాంకులో వేశాను. వడ్డీ వచ్చింది, వడ్డీ కంటే ముందుగా ధరలు వచ్చాయి. తర్వాత మా కంపెనీలోనే పనిచేసే ఉలీసెస్ మాట విని కంటికి కనబడని నాణేలు కొన్నాను. అవి ఒక్క వారంలో సగానికి పడిపోయినప్పుడు నేను ఒక బంధువుల పెళ్లిలో ఉన్నాను. ఆ రోజు పెట్టిన కేకు రుచి ఏమిటో ఈనాటికీ నాకు తెలియదు. ఆ తర్వాత కంపెనీవారు వాటాలిస్తామన్నారు. నాలుగేళ్లు కదలకుండా ఉంటే అవి నావి. కదలకుండానే ఉన్నాను. నాలుగేళ్లు నిండేలోపు మా కంపెనీని మరో కంపెనీ కొనేసింది, కొత్తవాళ్లు లెక్క మళ్లీ మొదటి నుంచి అన్నారు.

గత ఏడాది కంపెనీవారు మా మేలు కోరి ఆర్థిక సలహాదారు ఒకామెను తెర మీదికి తీసుకొచ్చారు. చాలా మర్యాదస్తురాలు. ప్రతి నెలా జీతంలో పదో వంతు పక్కన పెట్టండి, ముప్పై ఏళ్లపాటు దాన్ని ముట్టుకోకండి అని చెప్పింది. కోర్దొబా నుంచి వింటున్న మేమందరం ఒకేసారి మైకులు ఆపుకున్నాము. ఆమె పాపం తన గొంతు మాకు వినబడడం లేదేమో అనుకుని అదే మాట మళ్లీ చెప్పింది. ఆమెకు ఏమని చెప్పేది? మా నాన్న పుట్టిన తర్వాత ఈ దేశపు డబ్బుకు ఎన్నిసార్లు పేరు మార్చారో, దాని మీద ఎన్ని సున్నాలు కోసేశారో ఆయనే వేళ్లు మడిచి లెక్కపెడుతూ సగంలో వదిలేస్తాడు. కానీ ఆమె చెప్పిన ఇంకో ముక్క నా మనసుకు పట్టింది. ఉద్యోగం ఎప్పుడైనా పోవచ్చు గనక ఆరు నెలల తిండికి సరిపడేది వేరుగా ఉండాలి, మిన్ను విరిగి మీద పడ్డా దాన్ని ముట్టుకోకూడదు. అయ్యా, అది నా దగ్గర అప్పటికే ఉంది. తమ నోటీసు దాని గురించే.

3. ఇటుకల ఆలోచన మా అత్తగారు నెలిదా గారిది. మామగారు బతికుండగా డాలర్లు బ్యాంకులో దాచుకున్నారు. రెండు వేల ఒకటిలో బ్యాంకులు తలుపులు వేసుకున్నప్పుడు ఆయన వంటింట్లోంచి పెద్ద గిన్నె తీసుకెళ్లి, వీధిలో అందరితో పాటు నిరసనగా గరిటెతో బాదుతూ నిలబడ్డాడు. చివరికి బ్యాంకువాళ్లు డాలర్ల బదులు విలువ పడిపోయిన పెసోలు చేతిలో పెట్టారు. సొట్టలు పడిన ఆ గిన్నెలోనే ఆవిడ ఇప్పటికీ పులుసు కాస్తుంది. నా పెళ్లయిన కొత్తలో ఆవిడ నన్ను కూర్చోబెట్టి, మాతే ఆకుల కషాయం గిన్నె చేతికిచ్చి చెప్పింది:

"బ్యాంకులో ఉన్నది బ్యాంకువాడిది నాయనా. పరుపు కింద ఉన్నది దొంగవాడిది. ఇటుకలు కొను. ఎవడన్నా ఎత్తుకుపోవాలంటే ముందు వాడి నడుం విరగాలి."

ఈ పద్ధతి తమకు తెలియనిది కాదు. ఇవాళ డబ్బు కడితే ఇవాళ్టి ధరకే ఇటుకలు మన పేరున డిపోలో ఉండిపోతాయి, ఎప్పుడు కావలిస్తే అప్పుడు తెచ్చుకోవచ్చు. ఆరేళ్లపాటు, ప్రతి నెలా జీతం వచ్చిన సాయంత్రమే నేను డిపోకు పోయాను. ఆదివారాలు ఊరికే చూడడానికి కూడా పోయేవాణ్ణి. డిపో ఆయన ఒక గుట్టను చూపించి అది మీదే అనేవాడు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది. ఒకసారి రొమీనా కూడా వచ్చింది. గుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో ఒక ఇటుకను తట్టి, "ఇందులో వంటిల్లు ఏది?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను.

నాకు ధరలన్నీ ఇటుకల్లోనే తోస్తాయని కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను. నాలుగిటుకల కాఫీ. ఇరవై ఇటుకల సినిమా. రొమీనా పుట్టినరోజుకు చెప్పులు కొనడానికి వెళ్లినప్పుడు, ధర చీటీ చూసి, ఇన్ని ఇటుకలా అని పైకే అనేశాను. ఆమె చెప్పులు విప్పి పెట్టెలో పెట్టేసింది. కొట్టులో పిల్ల వింటుండగానే, "మరి నేనెన్ని ఇటుకలు చేస్తాను ఫబ్రిసియో? అది కూడా లెక్క కట్టే ఉంటావు" అంది. లెక్క కట్టలేదని ప్రమాణం చేశాను. నమ్మలేదు.

4. గత నెలలో డిపో ఆయన వ్యాపారం ఎత్తేస్తున్నానని, ఎవరి ఇటుకలు వారు తీసుకుపొమ్మని ఫోను చేసిరి. నేను నాలుగు రోజులు గడువడిగితే ఆయన సరేనని ఆ మధ్యాహ్నమే లారీ పంపిరి. మధ్యాహ్నపు కునుకు వేళ మన ఊళ్లో కుక్క కూడా మొరగదని తమకు తెలుసు. అటువంటి వేళ ఆరేళ్ల జీతం మా గుమ్మం ముందు దిగింది. పక్కనున్న ఖాళీ స్థలం రొమీనాకు తండ్రి నుంచి వచ్చినది. అది నిండిపోగా మిగిలినవి కాలిబాట మీద పేర్చాల్సి వచ్చింది. తలుపులు తెరుచుకుని వీధి వీధంతా చూసింది. ఎవరికీ చెప్పకుండా దాచుకోవడమే పొదుపు అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను.

5. తేళ్ల విషయమై మా ఎదురింటి అన్సెల్మో గారు తమకు ఫిర్యాదు చేసిరి. ఇటుకల సందుల్లో తేళ్లు ఉన్నవి. అవి నా పొదుపులో భాగం కావు. అన్సెల్మో గారి పెరట్లో ఈ మధ్యనే మాంసం కాల్చుకొనుటకు కొత్త పొయ్యి ఒకటి లేచినది, దాని ఇటుకలు ఏ గుట్ట లోనివో తాము విచారించగలరు. పోయిన ఆదివారం ఆ పొయ్యి మీద కాల్చిన పక్కటెముకల భోజనానికి ఆయన నన్ను కూడా పిలిచారు. వెళ్లాను. మాంసం బాగుంది. తింటున్నంతసేపూ పొయ్యి వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను.

అయితే తేళ్ల గురించి ఒక మాట దాచను. రొమీనా పంటి వైద్యుల క్లినిక్‌లో పనిచేస్తుంది. ఒక పొద్దున పనికి పోతూ బూటు దులిపితే తేలు రాలింది. అరవలేదు. రెండో బూటుతో దాన్ని కొట్టి, ఆ బూటే తొడుక్కుని, నాతో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే ఆ రోజు నేను పని చేసుకోగలిగేవాణ్ణి.

6. తమ శాఖ నుండి పసుపు చొక్కా తొడుక్కున్న ఇన్‌స్పెక్టరమ్మ తనిఖీకి వచ్చిరి. ఆమె మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎండలో గుట్ట చుట్టూ తిరిగి, చల్లటి నీళ్లు తాగి, నాకు ఉపాయం కూడా చెప్పిరి.

"సార్, నాకు రాసుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఒక్క వరస పేర్చి సిమెంటు పెట్టండి. పని నడుస్తోందని రాసుకుపోతాను. పని నడిచే చోట సామాను కాలిబాట మీద ఉన్నా ఎవరూ అడగరు."

అది కుదరదని ఆమెకు వివరించాను. సిమెంటు తగిలాక ఇటుక ఇటుక కాదు, గోడ. ఇటుకలైతే రేపు ఉద్యోగం పోతే పది పది చొప్పున అమ్ముకుని తినవచ్చు. గోడను ఎవరు కొంటారు? అందుకే ఆరేళ్లుగా ఒక్క ఇటుకకు కూడా సిమెంటు తగలనివ్వలేదని, మా ప్రణాళికలో మొదటి నియమం అదేనని చెప్పాను. ఆమె కాసేపు నా ముఖం వైపు చూసి, స్థలం ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఇటుకలున్నాయా అంది. కనబడుతున్నాయిగా అన్నాను. ఇల్లుందా అంది. లేదన్నాను. ఆమె ఏదో రాసుకుంది. ఏం రాశారో చూపించమంటే చూపించలేదు. ఆ రాసినది చూచుటకు నాకు హక్కు కలదని భావించుచున్నాను.

7. ఈ అంశము తమ శాఖకు సంబంధించినది కాదు. అయినను రాయుచున్నాను.

పోయిన వారం మా కంపెనీ నుంచి ఒక సందేశం వచ్చింది. సంస్థను కొత్తగా సర్దుకుంటున్నామని అందులో ఉంది. మా పనిలో ఈ మాటకు అర్థం ఒక్కటే. సోమవారం పొద్దున తెర మీద ఉలీసెస్ బొమ్మ లేదు. అందరం ఆ రోజు మామూలు కంటే ఎక్కువ పని చేశాము. నా బొమ్మ ఇంకా ఉంది. ఇదిగో, ఇలాంటి రోజు కోసమే కదా ఇటుకలు అని ఆ సాయంత్రం రొమీనాకు చెప్పాను. ఇప్పుడు వాటిని అస్సలు కదిలించకూడదు, అధికారులకు అర్జీ పెడతాను, పరిస్థితి కుదుటపడ్డాక చూద్దామన్నాను.

ఆమె బట్టలు మడత పెడుతోంది. తల ఎత్తకుండానే, క్లినిక్ దగ్గర ఒక గది చూశానంది. మార్చి నుంచి ఖాళీ అవుతుందట. చిన్నదేనట, మంచం ఒకటే పడుతుందట.

మంచం ఒకటే అంటే ఏమిటని అడిగాను.

"ఒకరి మంచం, ఫబ్రిసియో." ఇంకో చొక్కా మడత పెట్టి అంది: "ఉద్యోగం ఉంటే పోతుందేమోనని కట్టవు. పోతే ఎలా కట్టేదంటావు. మా అమ్మ ఇంటి వెనక గదిలో, గోడకి చెవి పెట్టి అమ్మ దగ్గు వింటూ ఆరేళ్లయింది నాకు. నాకు డబ్బు ఉందని తెలుసు. అది రోజూ తొక్కుకుంటూ పనికి పోతున్నాను. నాకు ఇల్లు కావాలి."

గదికి అడ్వాన్సు కట్టావా అని ఆమెను అడిగాను. అయ్యా, అంతా విని నేను అడిగిన మాట అది. ఎన్ని ఇటుకలవుతుందో కూడా అప్పటికే మనసులో లెక్క కట్టేశాను.

నాకు భయంగా ఉంది. ఇటుకలు పోతాయని ఒక భయం, రొమీనా పోతుందని ఒక భయం. రెంటిలో మొదటిదానికే అర్జీ పెట్టుకోవడానికి ఆఫీసు ఉంది. అందుకే తమకు రాయుచున్నాను.

8. కావున నా ప్రార్థనలు: సదరు ఇటుకలను పొదుపు మొత్తముగా గుర్తించవలెను. అట్లు గుర్తించుటకు నియమము లేనిచో, డాలరు రేటు ఒకచోట నిలబడు వరకు గడువు ఇవ్వవలెను. రేటు ఎప్పటికి నిలబడునో తమకు ముందుగా తెలిసినచో నాకు కూడా తెలుపవలెను. తేళ్ల మందు కొట్టించవలెను. అన్సెల్మో గారిని పొయ్యి విషయమై మందలించనక్కరలేదు, ఆయన పిలిస్తే నేను మళ్లీ వెళ్లేవాణ్ణే.

ఇందులో నా తెలివితక్కువతనము ఎక్కడైనా కనబడినచో దానిని తమ దయకు వదిలి, మిగిలినదంతా చిత్తగించవలెను. చిత్తగించు వరకు ట్రాక్టరును మా వీధి వైపు మళ్లించవలదని కోరుకొనుచు,

తమ విధేయుడు,
ఫబ్రిసియో లుదుయేన్యా
(సంతకం కాస్త వంకరగా వచ్చినది. సంతకం నాదే.)

తా.క. అర్జీ మడిచి కవరులో పెడుతుండగా బయట పార చప్పుడు వినబడింది. మళ్లీ మొదటి నుంచి రాయాలంటే తమ కౌంటరు మధ్యాహ్నానికి మూసేస్తారు గనక, జరిగింది ఇక్కడే కింద రాస్తున్నాను.

నోటీసులో రాసిన గడువు ఇంకా ఉంది కాబట్టి ట్రాక్టరు కాదని ధైర్యంగానే బయటికి వెళ్లాను. స్థలంలో ఒక మూల ఇసుక కుప్ప, పక్కన సిమెంటు బస్తా. సెగుందో అనే ముసలి మేస్త్రీ నీళ్లు కలుపుతున్నాడు. రొమీనా క్లినిక్ దుస్తుల మీదే ఉంది, ఈ రోజు పనికి పోలేదు. తాడు ఒక కొస తను పట్టుకుంది, రెండో కొస వాళ్లమ్మ పట్టుకుంది. ఇటుకలు కొనమని నాకు చెప్పిన మనిషి నా వైపు చూడకుండా తాడు బిగించి లాగుతోంది. అప్పటికే తాడు వెంబడి కొన్ని ఇటుకలు పెట్టేశారు. సిమెంటు తడి ఇంకా మెరుస్తోంది.

ఆపమన్నాను.

"స్థలం నాది, ఇటుకలు నీవి" అంది రొమీనా. "తీసుకెళ్తానంటే తీసుకెళ్లు. చేతుల్తో ఒక్కొక్కటీ మోసుకెళ్లు, నేను అడ్డు రాను."

నేను కదలలేదు. సెగుందో ఇలాంటివి చాలా చూసినవాడిలా ఉన్నాడు. ఇంకో ఇటుక పెట్టి, తాపీతో దాని నెత్తిన రెండు దెబ్బలు వేసి, మూల దాకా వచ్చాక ఆగి అడిగాడు: "తలుపు ఎటు పెట్టమంటారు?"

"ఆయన్నడుగు" అంది రొమీనా. "ఆరేళ్లుగా ప్లాను వేస్తున్నది ఆయన."

అయ్యా, డాలరు రెట్టింపైతే ఏం చేయాలో నా దగ్గర ఉంది. సగమైతే ఏం చేయాలో ఉంది. కంపెనీ మూసేస్తే, బ్యాంకులు మూసేస్తే, మళ్లీ సున్నాలు కోసేస్తే ఏం చేయాలో అన్నీ రంగులు వేసి రాసుకున్నాను. సెగుందో తాపీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, సిమెంటు ఆరిపోతోంది. ఆ ఇంటికి తలుపు ఎటు ఉండాలో నేను ఏనాడూ అనుకోలేదు. ఆరేళ్ల నా లెక్కల్లో లోపలికి వెళ్లే దారే లేదు.

అప్పుడు నేను రొమీనాను అడిగాను. "క్లినిక్ నుంచి నువ్వు ఎటు నుంచి వస్తావు?"

ఆరేళ్లుగా వస్తోంది. నేను ఆ వేళకు తెర ముందే ఉంటాను, ఎటు నుంచి వస్తుందో నాకు తెలియదు. గది సంగతి ఏం చేసిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈసారి అడగకూడదని నాకు తెలిసింది. తర్వాత సిమెంటు అంటిన చేత్తో మందుల షాపు సందు వైపు చూపించింది. సెగుందో అటు మూడు ఇటుకల మేర ఖాళీ వదిలి, ఆ పక్క నుంచి మళ్లీ పేర్చడం మొదలుపెట్టాడు. నేను ఆయనకు ఇటుకలు అందించాను.

కావున, పై అర్జీలో తొలగించవద్దని నేను కోరిన ప్రతి చోటా, కట్టుకొనుటకు అనుమతి ఇవ్వవలెనని చదువుకోగలరు. అనుమతి పత్రములో తలుపు మందుల షాపు సందు వైపు అని రాయించండి. రొమీనా అటు నుంచి వస్తుంది.